నాన్నగారిని మళ్లీ పక్కకు పిలుస్తారా? ఎయిర్‌పోర్టు ప్రశ్నలు, అదనపు తనిఖీలు: వైజాగ్ వాళ్ల అనుభవాలు

ఎంవీపీ_సెక్టార్6 · మంగళవారం రాత్రి 9:12

అందరికీ నమస్కారం. అమ్మ, నాన్నగారు వచ్చే నెల అమెరికాలో అక్క దగ్గరికి వెళ్తున్నారు. అక్కకి నెలలు నిండుతున్నాయి. నాన్నగారు స్టీల్‌ప్లాంట్‌లో రిటైరయ్యారు. అమ్మకి ఇంగ్లిష్ రాదు.

పోయినసారి అక్కడ దిగాక ఇమిగ్రేషన్ కౌంటర్‌లో రెండు మూడు ప్రశ్నలు అడిగి, నాన్నగారిని ఒక్కరినే లోపలి గదిలోకి తీసుకెళ్లారు. అమ్మని బయట కుర్చీలో కూర్చోమన్నారు. ఎందుకో చెప్పలేదు. ఆ గదిలో ఫోన్ వాడకూడదట. ఎయిర్‌పోర్టు బయట అక్క, ఇక్కడ నేను, ఎవరికీ కబురు లేదు. పాస్‌పోర్టులు, కాగితాలు, డబ్బు అన్నీ నాన్నగారి దగ్గరే. ఆయన బీపీ మాత్రలేమో అమ్మ సంచిలో. చివరికి ఆయన పేరుతోనే ఇంకెవరో ఉన్నారని, సరిచూసుకోవాల్సి వచ్చిందని చెప్పి పంపేశారు. మర్యాదగానే మాట్లాడారట. కానీ ఉద్యోగమంతా ఎవరి చేతా మాట పడని మనిషి. ఆ రోజు నుంచి ప్రయాణం మాటెత్తితే "మీ అమ్మని పంపండి, నేను రాను" అంటున్నారు.

మళ్లీ పిలుస్తారా? ముందే ఏమైనా చేసుకోవచ్చా? తెలిసినవాళ్లు చెప్పండి, ఇంట్లో అందరికీ టెన్షన్‌గా ఉంది.

---

గాజువాక_సీమాన్ · మంగళవారం రాత్రి 10:40

సెక్టార్6 గారూ, నేను షిప్పుల్లో పనిచేస్తాను. సీడీసీ (నావికుల గుర్తింపు పుస్తకం), సీ-1/డీ వీసా (అమెరికా ఓడ సిబ్బందికిచ్చేది), జాయినింగ్ లెటర్ పట్టుకుని ఎవరెవరి కౌంటర్ల ముందో నిలబడడం మా ఉద్యోగంలో భాగమే. మాది ఎప్పుడూ వన్‌వే టికెట్టే కాబట్టి ప్రశ్నలు కూడా ఎక్కువే. కొత్తగా చేరిన కుర్రాళ్లకి నేను మొదట చెప్పేది ఒకటే: షిప్పు పేరు, ఏ పోర్టులో ఎక్కాలి, అక్కడి ఏజెంటు ఫోన్ నంబరు నోటికి వచ్చి ఉండాలి. అవి చెప్పలేక తడబడితే చేతిలో ఎంత మంచి కాగితం ఉన్నా అనుమానమే.

మీ నాన్నగారికి జరిగినదాన్ని సెకండరీ, అంటే రెండో విడత తనిఖీ అంటారు. అమెరికాలో దిగాక సీబీపీ, అంటే అక్కడి కస్టమ్స్, సరిహద్దు అధికారులు చేసేది. దేశంలోకి రానివ్వాలా వద్దా అన్నది వాళ్ల చేతిలో ఉంటుంది. వీసా ఉన్నా తుది నిర్ణయం ఆ కౌంటర్ దగ్గరే. బోర్డింగ్ పాస్ మీద నాలుగు 'ఎస్' అక్షరాలు పడతాయి చూడండి, అది వేరే. విమానం ఎక్కకముందు ఒంటినీ సామాన్లనీ గట్టిగా వెతకడం వరకే. చాలామంది ఈ రెంటినీ కలిపేసి భయపడతారు. ఇక మన దేశం దాటేటప్పుడు మన ఇమిగ్రేషన్ వాళ్లు అడిగేవి మూడో రకం.

పేరు కలిసిందని ఆపితే దానికి దారి ఉంది. డీహెచ్‌ఎస్ ట్రిప్ అని అమెరికా హోంలాండ్ సెక్యూరిటీ వాళ్ల ఫిర్యాదుల విభాగం ఒకటి 2007 నుంచి నడుస్తోంది. వెబ్‌సైట్‌లో ఫిర్యాదు నమోదు చేసి, పాస్‌పోర్టు కాపీ జతచేస్తే చాలు. రుసుము లేదు. రెడ్రెస్ నంబరు అని ఒకటి ఇస్తారు. ఆ తర్వాత టికెట్ బుక్ చేసేటప్పుడు ప్రయాణికుడి వివరాల్లో దాన్ని రాయాలి. ఎందుకు ఆపారో మాత్రం ఆ జవాబులో చెప్పరు. ఏదైనా జాబితాలో పేరు ఉందనీ అనరు, లేదనీ అనరు. సమయం పడుతుంది, రేపే పెట్టేయండి.

ఇంకో మాట. టికెట్ ఇంకా తీసుకోకపోతే అబుదాబి మీదుగా వెళ్లే దారి చూడండి. 2014 నుంచి అక్కడే అమెరికా ఇమిగ్రేషన్ పూర్తయిపోతుంది. అమెరికాలో దిగాక మళ్లీ ఆ క్యూ ఉండదు. పెద్దవాళ్లకి అంతసేపు ప్రయాణం చేసి అలసిపోయి ఉన్నప్పుడు ప్రశ్నలు ఎదుర్కోవడం కంటే ఇది నయం. మధ్యలో సమయం మాత్రం బాగా ఉండేలా చూసుకోండి.

---

ఎంవీపీ_సెక్టార్6 · మంగళవారం రాత్రి 11:05

చాలా థాంక్స్ అండి. రెడ్రెస్ నంబరు సంగతి ఇప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. టికెట్ ఇంకా తీసుకోలేదు, అక్కతో మాట్లాడతాను.

---

ఉషోదయ_జంక్షన్ · బుధవారం ఉదయం 6:20

అమ్మా, మీ నాన్నగారి వయసువాడిగా చెబుతున్నాను. దీన్ని అవమానంగా తీసుకోవద్దని చెప్పండి. 2001 సెప్టెంబరులో వాళ్ల దేశంలో అంత ఘోరం జరిగింది. వాళ్ల జాగ్రత్త వాళ్లది. మన దగ్గర దాచేది ఏమీ లేనప్పుడు భయం దేనికి? 2011లో న్యూయార్క్‌లో అబ్దుల్ కలాం గారు విమానంలో కూర్చున్నాక కూడా వచ్చి కోటు, బూట్లు తనిఖీకి పట్టుకెళ్లారు. ఆయన ఒక్క మాట అనలేదు. రాష్ట్రపతిగా చేసిన మనిషికే లేని పట్టింపు మనకెందుకు?

---

జగదాంబ_సెంటర్ · బుధవారం ఉదయం 8:47

ఉషోదయ గారూ, పెద్దవారు, మీ మాట కాదనడం లేదు. కలాం గారు ఏమీ అనలేదన్నది ఆయన గొప్పతనం. కానీ మన ప్రభుత్వం ఊరుకోలేదు, గట్టిగా నిరసన తెలిపింది, అమెరికా క్షమాపణ చెప్పింది. అంటే అక్కడ తప్పు జరిగిందని వాళ్లూ ఒప్పుకున్నట్టే కదా.

నా పేరు ఇక్కడ రాయను. వినగానే మతం తెలిసిపోయే పేరు. నేను సాఫ్ట్‌వేర్‌లో ఉన్నాను, కంపెనీ పని మీద అమెరికా వెళ్లి వస్తుంటాను. నాకు ఆన్‌లైన్ చెక్-ఇన్ అయ్యేది కాదు, కౌంటర్‌కి రమ్మనేది. బోర్డింగ్ పాస్ ప్రింటయి రాగానే కింద మూలన ఆ నాలుగు అక్షరాలు ఉన్నాయా అని ముందు అక్కడే చూసుకునేవాణ్ణి. గేటు దగ్గర అందరూ లోపలికి వెళ్తుంటే మనల్ని పక్కన టేబుల్ దగ్గరికి పిలుస్తారు. బెల్టు తీసిన ప్యాంటును ఒక చేత్తో పట్టుకుని రెండో చెయ్యి చాచి నిలబడాలి. తెల్లటి గుడ్డముక్క లాంటిదానితో అరచేతులు, ల్యాప్‌టాప్ కీలు, బ్యాగు జిప్పులు తుడిచి, దాన్ని మిషన్‌లో పెడతారు. పేలుడు పదార్థాల ఆనవాళ్లు ఉన్నాయేమో చూడడానికి. ఆ మిషన్ తేల్చే వరకు కొద్ది క్షణాలే, కానీ క్యూలో ఉన్నవాళ్లందరి కళ్లూ మన మీదే. అందులో మన ఆఫీసువాళ్లూ ఉంటారు. మా అబ్బాయి నా బూట్లు పట్టుకుని నిలబడ్డ రోజు కూడా ఉంది.

ఒకసారి అయితే భద్రత అనుకుంటాం. ప్రతిసారీ అయితే దాన్ని ఏమనుకోవాలి? దాచేది లేకపోవడం వేరు, పదే పదే రుజువు చేసుకోవాల్సి రావడం వేరు. తనిఖీ చేసిన అధికారుల్లో మంచివాళ్లు ఉన్నారు, "సారీ సర్, లిస్టులో వచ్చింది, మా పని" అన్నవాళ్లున్నారు. వాళ్ల మీద నాకు కోపం లేదు. నా బాధ ఆ లిస్టు తీరు మీద.

సీమాన్ గారు చెప్పింది నిజం. నేను డీహెచ్‌ఎస్ ట్రిప్‌లో పెట్టాను, నంబరు వచ్చింది. ఆ తర్వాత బాగా తగ్గింది. పూర్తిగా పోలేదు, ఎందుకంటే కొందరిని కంప్యూటరే ఏ కారణమూ లేకుండా ఎంచుతుంది కూడా. సెక్టార్6 గారూ, మీరు తప్పకుండా పెట్టండి.

---

ఉషోదయ_జంక్షన్ · బుధవారం ఉదయం 9:30

బాబూ, బూట్లు పట్టుకున్న పిల్లాడి సంగతి చదివాక మనసు చివుక్కుమంది. నేను ఒకసారి జరిగేదాని గురించి రాశాను. ప్రతిసారీ జరగడం వేరే సంగతి, నువ్వన్నది న్యాయం.

---

అడ్మిన్ · బుధవారం ఉదయం 10:02

సభ్యులకు మనవి: పాస్‌పోర్టు నంబర్లు, వీసా కాపీలు, బోర్డింగ్ పాస్ ఫొటోలు ఇక్కడ పెట్టకండి. బార్‌కోడ్‌లో మీ బుకింగ్ వివరాలు ఉంటాయి. నిన్న ఒకరు పెట్టిన ఫొటో తీసేశాం. అలాగే మన ఎయిర్‌పోర్టు నేవీ వాళ్ల ఐఎన్ఎస్ డేగాలో ఉంది. అక్కడ రన్‌వే, విమానాల ఫొటోలు తీయకండి, ఇక్కడ పంచుకోకండి.

---

మధురవాడ_ఎంఎస్ · బుధవారం రాత్రి 11:58

నేను ఎంఎస్ రెండో సంవత్సరంలో ఉన్నాను. ఆగస్టు బ్యాచ్ వాళ్లు చాలామంది మెసేజ్ చేస్తున్నారు, అందుకే అందరికీ కలిపి ఇక్కడే రాస్తున్నా.

నన్ను సెకండరీకి పంపారు. అడిగినవి ఇవే: ఏ కోర్సు, ఈ యూనివర్సిటీయే ఎందుకు, ఫీజు ఎవరు కడుతున్నారు, నాన్న ఏం చేస్తారు, ఎక్కడ ఉంటావు. తర్వాత ఫోన్ అన్‌లాక్ చేసి ఇమ్మన్నారు. ఇచ్చాను. ఎయిర్‌ప్లేన్ మోడ్‌లో పెట్టి, నా ఎదురుగానే వాట్సాప్ గ్రూపులు చూశారు. ఫోన్‌లో ఉన్నదే చూడాలి, నెట్ కలిపి క్లౌడ్‌లోది తెరవకూడదు అని వాళ్ల నిబంధన. మిషన్‌కి కలిపి డేటా తీసుకునే లోతైన తనిఖీ కావాలంటే పై అధికారి అనుమతి ఉండాలి. పాస్‌వర్డ్ ఇవ్వనంటే అమెరికా పౌరుణ్ణి లోపలికి రాకుండా ఆపలేరు, ఫోన్ మాత్రం ఉంచేసుకోవచ్చు. మనలాంటి వీసావాళ్లని మాత్రం వెనక్కి పంపేయొచ్చు. ఇది తెలిసి ఉండాలి.

లెక్క కూడా చెప్తా, లేకపోతే అందరి ఫోన్లూ చూస్తారనుకుంటారు. 2024 ఆర్థిక సంవత్సరంలో సీబీపీ 47 వేలకు పైగా తనిఖీలు చేసింది. ఆ ఏడాది అక్కడి సరిహద్దు దాటి వచ్చినవాళ్లు దాదాపు 42 కోట్లు. కాబట్టి అరుదే. కానీ పడినవాడికి అరుదు అన్న మాట ఓదార్పు కాదు.

2023 ఆగస్టులో ఒక్కరోజే 21 మంది మనదేశపు విద్యార్థుల్ని వెనక్కి పంపారు, వాళ్లలో తెలుగువాళ్లే ఎక్కువ. కాగితాలు, ఫోన్లలో సందేశాలు చూసి పంపేశారని అప్పట్లో పేపర్లలో వచ్చింది. నా అభిప్రాయం సూటిగా చెప్తాను. చాట్‌లు ఎలా డిలీట్ చేయాలి అని అడుగుతున్నారు. అది కాదు అడగాల్సింది. "వెళ్లగానే బయట పార్ట్‌టైమ్ దొరుకుతుందా" అని గ్రూపులో అడగడమే మానేయండి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) మీద మొదటి సంవత్సరం క్యాంపస్ బయట పని నిషిద్ధం, క్యాంపస్‌లో అయితే చదువు నడిచేటప్పుడు వారానికి 20 గంటలు. ఇంకోటి, కన్సల్టెన్సీ వాళ్లు రాసిచ్చిన జవాబులు బట్టీ పట్టకండి. ఒకే విమానంలో దిగిన పదిమంది ఒకే వాక్యం చెబితే ఆఫీసరుకి అర్థం కాదా? మీ కోర్సులో మొదటి సెమిస్టర్ సబ్జెక్టులు చూసి వెళ్లండి, అప్పుడు జవాబు మీ నోటి నుంచే వస్తుంది.

ఐ-20 (యూనివర్సిటీ ఇచ్చే అడ్మిషన్ పత్రం) చేతి సామాన్లో ఉండాలి, చెక్-ఇన్ సూట్‌కేసులో కాదు. కోర్సు మొదలయ్యే తేదీకి 30 రోజుల కంటే ముందు రానివ్వరు. సెలవులకి ఇంటికొచ్చి వెళ్లేవాళ్లు ఐ-20 మీద యూనివర్సిటీ వాళ్లు పెట్టే ప్రయాణ సంతకం తాజాగా ఉందో లేదో చూసుకోండి. 2025 జూన్ నుంచి స్టూడెంట్ వీసా అడిగేవాళ్లు సోషల్ మీడియా ఖాతాలు పబ్లిక్‌గా పెట్టాలి, అది హైదరాబాద్ కాన్సులేట్ దశలోనే.

---

పెందుర్తి_నుంచి · గురువారం మధ్యాహ్నం 1:15

అందరూ అమెరికా గురించే అంటున్నారు. బ్యాంకాక్, కౌలాలంపూర్ వెళ్లే మా కుర్రాళ్ల సంగతి ఎవరూ రాయలేదు. మా వీధి అబ్బాయిని ఈ మధ్య ఒక ఎయిర్‌పోర్టులో మనవాళ్లే విమానం ఎక్కనివ్వలేదు. టికెట్, హోటల్ బుకింగ్ అన్నీ ఉన్నాయి. "జేబులో ఎంత ఉంది, ఏం ఉద్యోగం, టికెట్ ఎవరు కొన్నారు" అని అడిగి, సరిగా చెప్పలేదని ఆపేశారు. వాడు ఐటీఐ చదివాడు, ఊరు దాటింది లేదు, యూనిఫాం చూస్తేనే నోరు పెగలదు. టికెట్ డబ్బు మొత్తం పోయింది. డబ్బున్నవాళ్ల పిల్లల్ని ఇలా అడుగుతారా?

---

గాజువాక_సీమాన్ · గురువారం మధ్యాహ్నం 2:50

పెందుర్తి గారూ, ఆ అబ్బాయి నిజంగా తిరిగి రావడానికే వెళ్తుంటే అన్యాయమే జరిగింది. కానీ మన ఊళ్లో ఈ ప్రశ్నలు ఎందుకు పెరిగాయో మీకూ తెలుసు. 2024 మేలో విశాఖ పోలీసులు బయటపెట్టిన కంబోడియా వ్యవహారం గుర్తుందా? డేటా ఎంట్రీ ఉద్యోగం అని చెప్పి మన చుట్టుపక్కల కుర్రాళ్లని తీసుకెళ్లి, అక్కడ పాస్‌పోర్టులు లాక్కుని, సైబర్ మోసాలు చేయించారు. కాదన్నవాళ్లని కొట్టారు, చీకటి గదుల్లో పెట్టారు. అక్కడున్నవాళ్లు తిరగబడ్డాక కొందరు విమానం దిగి ఇంటికొచ్చారు. వాళ్లూ విజిట్ వీసా మీద, చేతిలో హోటల్ బుకింగ్‌తో వెళ్లినవాళ్లే. "టికెట్ ఎవరు కొన్నారు" అన్న ప్రశ్న వాళ్లని గట్టిగా అడిగి ఉంటే బాగుండేదని ఆ తల్లులు అనుకోరా?

ప్రశ్న తప్పు కాదు. అడిగే తీరు మారాలి. భయంతో మాట రానివాణ్ణి, ఏజెంటు పంపినవాణ్ణి ఒకే గాటన కట్టకూడదు. పక్కన కూర్చోబెట్టి, తెలుగులో అడిగి, ఇంటికి ఫోన్ చేస్తే పది నిమిషాల్లో తేలిపోతుంది.

ఉద్యోగానికే వెళ్తుంటే విజిట్ వీసా మీద వెళ్లకండి, అంతే. ఏజెంటుకి లైసెన్స్ ఉందో లేదో మన ప్రభుత్వ ఈ-మైగ్రేట్ వెబ్‌సైట్‌లో చూసుకోవచ్చు. పదో తరగతి పాసు కానివాళ్ల పాస్‌పోర్టు ఈసీఆర్ (వలస తనిఖీ అవసరమైనది) అయి ఉంటుంది. గల్ఫ్, మలేషియా సహా 18 దేశాలకి ఉద్యోగం మీద వెళ్లాలంటే వాళ్లు ఎమిగ్రేషన్ క్లియరెన్స్ తీసుకోవాలి. నిజంగా విహారానికే అయితే రిటర్న్ టికెట్, బ్యాంకు స్టేట్‌మెంట్, ఇక్కడి ఉద్యోగానికి సెలవు లెటర్ దగ్గర పెట్టుకోమనండి. థాయ్‌లాండ్‌కి డిజిటల్ అరైవల్ కార్డు 2025 మే నుంచి తప్పనిసరి, సింగపూర్‌కి ఎస్‌జీ అరైవల్ కార్డు. రెండూ ఉచితం. డబ్బు అడిగే వెబ్‌సైట్లని నమ్మొద్దు.

---

పెందుర్తి_నుంచి · గురువారం సాయంత్రం 5:33

తెలుగులో అడగాలన్నారు చూడండి, అదే నేను చెప్పాలనుకున్నది. వాడిని హిందీలో అడిగారట.

---

అనకాపల్లి_కోడలు · గురువారం రాత్రి 8:10

సెక్టార్6 గారూ, సామాన్ల గురించి ఎవరూ రాయలేదు కాబట్టి నేను రాస్తున్నా. మా అత్తగారూ మామగారూ ఏడాదికోసారి వెళ్తారు. సర్దేది నేనే.

ఆవకాయ చేతి సామాన్లో వద్దు. మిరప పచ్చళ్లు క్యాబిన్‌లోకి రానివ్వరు, చెక్-ఇన్‌లో పెట్టండి. ఎండుకొబ్బరిలో నూనె ఉంటుంది కాబట్టి దాన్ని మంట అంటుకునే వస్తువుగా చూస్తారు, అసలు వద్దు. అమెరికా విమానాల్లో చేతి సామాన్లో 350 మిల్లీలీటర్లు దాటిన పొడులు ఉంటే విడిగా తనిఖీ చేస్తారు. కందిపొడి, కారప్పొడి, సున్నిపిండి అన్నీ పొడులే. మాడుగుల హల్వా కూడా ఎక్స్‌రేలో దట్టంగా ముద్దలా కనిపిస్తుంది, బ్యాగు తెరిపించి చూస్తారు. పెద్ద సూట్‌కేసులో, దుకాణం సీలు తీయకుండా పెట్టండి. అబుదాబి మీదుగా అంటున్నారు కాబట్టి ముఖ్యంగా ఒకటి: గసగసాలు గ్రాము కూడా వద్దు. యూఏఈలో నిషేధం. సింగపూర్‌లోనూ అంతే. మసాలా పొడిలో కలిపి ఉన్నా తీసేయండి.

అమెరికాలో తినేవి ఏమున్నా ఫారంలో, అడిగినప్పుడు నోటితోనూ ఉన్నాయనే చెప్పాలి. చెబితే మహా అయితే తీసి పారేస్తారు. చెప్పకుండా దొరికితే జరిమానా. మాంసం పచ్చళ్ల జోలికి పోవద్దు.

మందులు: డాక్టరు చీటీ ఇంగ్లిష్‌లో రాయించుకుని, ఇద్దరివీ విడివిడి సంచుల్లో. మీ అమ్మగారి పాస్‌పోర్టు అమ్మగారి దగ్గరే, నాన్నగారి మాత్రలు నాన్నగారి దగ్గరే. గుండెకి నాలుక కింద పెట్టుకునే నైట్రోగ్లిజరిన్ మాత్రలు వాడితే ఆ చేతులు తుడిచే మిషన్ ఒక్కోసారి మోగుతుంది. చీటీ చూపిస్తే సరిపోతుంది, కంగారు పడొద్దని ముందే చెప్పండి.

---

మర్రిపాలెం_వాసి · గురువారం రాత్రి 9:44

పేర్ల గురించి ఒక మాట. మన తెలుగువాళ్లకి సగం చిక్కులు ఇక్కడే. పాస్‌పోర్టులో మొత్తం పేరు ఒకే గడిలో ఉంటే అమెరికా వీసాలో పేరు స్థానంలో ఎఫ్‌ఎన్‌యూ (మొదటి పేరు తెలియదు) అని పడుతుంది. టికెట్‌లో ఒకలా, వీసాలో ఒకలా, పాత కాగితాల్లో ఇంటిపేరు పొడి అక్షరంతో ఇంకోలా. యూఏఈ అయితే 2022 నవంబరు నుంచి ఒకే పేరున్న పాస్‌పోర్టుతో విజిట్ వీసా మీద రానివ్వడం లేదు. పాస్‌పోర్టులో తండ్రి పేరో ఇంటిపేరో నమోదై ఉంటే ఒప్పుకుంటామని తర్వాత సడలించారు. వీలుంటే పాస్‌పోర్టు రెన్యువల్ అప్పుడే రెండు గడులూ సరిగా నింపించండి. రావు, రాజు, కుమార్, లక్ష్మి లాంటి పేర్లు మనలో వేలల్లో ఉంటాయి. పుట్టిన తేదీ కూడా దగ్గరగా ఉంటే కంప్యూటర్ ఆగిపోవడం వింతేం కాదు.

---

జగదాంబ_సెంటర్ · గురువారం రాత్రి 10:20

సెక్టార్6 గారూ, మీ అమ్మగారికి ఇంకొకటి చెప్పండి. "తెలుగు ఇంటర్‌ప్రెటర్" అన్న రెండు మాటలు నేర్పించండి. అడిగితే ఫోన్‌లో దుబాసీని కలుపుతారు. అర్థం కాని ప్రశ్నకి యెస్ అని తల ఊపడమే అన్నిటికంటే ప్రమాదం. పైగా మనం తల ఊపితే అవునో కాదో వాళ్లకి తెలియదు.

ఎందుకొచ్చారంటే ఉన్నదే చెప్పాలి: కూతురి ప్రసవం, కూతురి దగ్గర ఉండడానికి వచ్చాం, ఫలానా తేదీకి వెళ్లిపోతాం. కొందరు "ప్రసవం మాట ఎత్తొద్దు, ఊళ్లు చూడ్డానికని చెప్పండి" అని సలహా ఇస్తారు. దయచేసి వినకండి. భార్య ఒకటి, భర్త ఒకటి చెబితే అక్కడే చిక్కు. సొంత మనవడిని ఎత్తుకోవడం ఉద్యోగం కాదు, దాని గురించి అబద్ధం ఆడాల్సిన అవసరం లేదు.

---

ఎంవీపీ_సెక్టార్6 · (తర్వాతి నెల) ఆదివారం ఉదయం 7:15

అందరికీ చెప్పాలని వచ్చాను. అమ్మానాన్నలు క్షేమంగా చేరారు. అబుదాబి మీదుగానే వెళ్లారు. రెడ్రెస్ దరఖాస్తు పెట్టాం కానీ నంబరు ఇంకా రాలేదు.

నాన్నగారిని మళ్లీ పక్కకు పిలిచారు. కానీ ఈసారి ఆయన సిద్ధంగా ఉన్నారు. పోయినసారి ఏం జరిగిందో, దరఖాస్తు పెట్టిన సంగతి, రెండూ రాసిన కాగితం చూపించారట. ఆఫీసరు చదివి, నాలుగు వేళ్లూ మళ్లీ స్కాన్ చేసి, తొందరగానే పంపేశాడు. అమ్మని కౌంటర్‌లో ప్రశ్నలు వేస్తే తెలుగు ఇంటర్‌ప్రెటర్ అంది. ఫోన్‌లో ఎవరో అమ్మాయి "నమస్కారం అమ్మా" అనేసరికి సగం భయం పోయిందట. కూతురి పేరు, ఎన్నాళ్లు ఉంటారు, ఏం తెచ్చారు అని అడిగారు. హల్వా, పచ్చళ్లు, పొడులు అని అన్నీ చెప్పేసింది. ఏదీ తీయలేదు.

నాన్నగారిని ఈ చర్చ మొత్తం కూర్చోబెట్టి చదివించాను. జగదాంబ గారి పోస్టు రెండుసార్లు చదివారు. "నాకు ఒక్కసారి జరిగితేనే ఇంత అనుకున్నాను" అన్నారు. ఆయన వెళ్లడానికి ఒప్పుకున్నది ఆ తర్వాతే. జగదాంబ గారికి ఆయన తరఫున నమస్కారాలు.

---

గాజువాక_సీమాన్ · ఆదివారం ఉదయం 8:02

చాలా సంతోషం. ఐ-94, అంటే అమెరికాలోకి వచ్చినట్టు వాళ్లు నమోదు చేసే రికార్డు, చూశారా? పాస్‌పోర్టులో స్టాంపు వేసినా వేయకపోయినా, ఎప్పటిదాకా ఉండొచ్చో చెప్పేది అదే. సీబీపీ వెబ్‌సైట్‌లో పేరు, పాస్‌పోర్టు నంబరు కొడితే వస్తుంది. తేదీ తప్పు పడితే ఇప్పుడే సరిచేయించుకోవాలి.

---

ఎంవీపీ_సెక్టార్6 · ఆదివారం ఉదయం 8:40

నాన్నగారిది వచ్చింది, ఆరు నెలలు ఇచ్చారు. అమ్మది దొరకడం లేదని అక్క అంటోంది.

---

మర్రిపాలెం_వాసి · ఆదివారం ఉదయం 8:52

ఇంటిపేరు, పేరు తారుమారు చేసి కొట్టి చూడమనండి. ఒక్కోసారి అలా ఎక్కుతుంది.

---

ఎంవీపీ_సెక్టార్6 · ఆదివారం ఉదయం 9:10

దొరికిందండి. అమ్మకీ అదే తేదీ. పేర్లు సరిచేయించడానికి అక్క ఎల్లుండి వెళ్తోంది.